పైపులైనులో లీకు ఎక్కడుందో లెక్కగట్టడం ఎలా?

చెన్నైలోని మణలి, ఎన్నూరు ప్రాంతాల కంట్రోల్ రూముల్లో కొత్తగా చేరే మన తెలుగు ఇంజనీర్లు, అలారం మోగగానే లీకు ఏ కిలోమీటరు దగ్గరుందో స్వయంగా లెక్కగట్టడం నేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఒక అంకె చూపిస్తుంది, కానీ ఆ అంకెను నమ్మవచ్చో లేదో తేల్చవలసింది మనమే.

పైపు పగిలిన చోట పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తగ్గుదల అలగా మారి, ముడిచమురులోనైతే సెకనుకు సుమారు ఒక కిలోమీటరు వేగంతో రెండు వైపులకూ సాగుతుంది. పీడనాన్ని కొలిచే రెండు స్టేషన్ల మధ్య దూరం 40 కిలోమీటర్లనీ, మొదటి స్టేషనుకు అల 10 సెకన్లు ముందుగా చేరిందనీ అనుకుందాం. ఆ 10 సెకన్లలో అల సాగే 10 కిలోమీటర్లను 40లోంచి తీసేసి, మిగిలిన 30ని సగం చేయండి. లీకు మొదటి స్టేషనుకు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. సహజవాయువు లైనులో అల వేగం సెకనుకు సుమారు 400 మీటర్లే కనుక లెక్కలో ఆ వేగాన్నే వాడాలి.

అంతకంటే ముందు రెండు స్టేషన్ల గడియారాలూ జీపీఎస్ సమయంతో సరిపోతున్నాయో లేదో చూడండి. చమురు లైనులో ఒక్క సెకను తేడా వచ్చినా అర కిలోమీటరు తప్పిపోతుంది, తవ్వే బృందం పక్క వీధిలో గొయ్యి తీస్తుంది. పంపు ఆగినా, వాల్వు మూసినా ఇలాంటి అలే పుడుతుంది కాబట్టి పంపులు, వాల్వుల కదలికలను నమోదు చేసే కంట్రోల్ రూము కంప్యూటరు వ్యవస్థ (స్కాడా) లాగ్‌లో ఆ నిమిషం ఏం జరిగిందో తప్పక చదవాలి.

తుప్పు వల్ల పడే సన్నటి చిల్లుకు చెప్పుకోదగ్గ అల పుట్టదు. దానికి పంపిన సరుకునూ చేరిన సరుకునూ గంటల తరబడి పోల్చి చూడడమే దారి, అదీ తేడా ప్రవాహాన్ని కొలిచే మీటర్ల కొలత లోపాన్ని మించితేనే తెలుస్తుంది.

పైపు వెంట ఆప్టికల్ ఫైబర్ పాతి ఉంటే లీకు చప్పుడునూ, ఎవరైనా తవ్వుతున్న అలికిడినీ అది పసిగడుతుంది. అయితే ఛాంబర్లలో చుట్టలుగా వదిలిన కేబుల్ వల్ల, స్క్రీన్ మీద కనిపించే దూరం నేల మీది దూరం కంటే ఎక్కువగా ఉంటుంది. అందుకని కంటెయినర్ లారీల రద్దీ తగ్గిన వేళ చూసి, ఒక మనిషిని పైపు దారిని చూపే ప్రతి మార్కరు రాయి దగ్గరికీ పంపి, నేల మీద సుత్తితో కొట్టించండి. ఆ దెబ్బ స్క్రీన్ మీద ఎన్నో మీటరు దగ్గర పడిందో పట్టికలో రాసుకోండి. కేబుల్ తెగి అతుకు వేసిన ప్రతిసారీ, అతుకు కోసం కలిపిన అదనపు కేబుల్ అక్కడి నుంచి దూరాలన్నిటినీ జరిపేస్తుంది కనుక, ఆ చోటు తర్వాతి పట్టికనంతా మళ్లీ సుత్తి దెబ్బలతోనే సరిచూసుకోవాలి.