అప్రైజల్ కాలంలో మనసు నిలుపుకోవడం ఎలా?

మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావాటికి మార్చితో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఆ తరువాతి నెలల్లో ఏడాది పనిని అంచనా వేసే అప్రైజల్ జరిగి రేటింగులు, హైకులు (జీతం పెంపులు), ప్రమోషన్ల లేఖలు ఒక్కొక్కటిగా వస్తుంటాయి. ఆ లేఖలోని ఒక్క అంకె మీ నిద్రను, తిండిని, ఇంట్లోవాళ్లతో మాట్లాడే తీరును మార్చేస్తుంటే, లేదా మంచి రేటింగే వచ్చినా సంతోషమన్నది కొన్ని గంటలకు మించి నిలవకపోతే, ఇక్కడ చెప్పబోయేవి మీకు పనికివస్తాయి. ఉద్యోగం మానేయమని గానీ, సర్దుకుపొమ్మని గానీ చెప్పడం నా ఉద్దేశం కాదు. జీతం తెచ్చే పనిని దాని హద్దుల్లో ఉంచడానికి ఏది ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో చెప్పడం వరకే ఈ వ్యాసం.

మొదట మీకున్నది ఏమిటో తేల్చుకోవాలి. పని వల్ల కలిగే ఈ దీర్ఘకాలిక అలసటను ‘బర్నౌట్’ అంటున్నాం. 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన ఒక స్థితిగా చేర్చింది. దానికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి పూర్తిగా హరించుకుపోవడం, పని మీద విరక్తి లేదా వెటకారం పెరగడం, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామన్న భావన. సెలవు పెట్టి రెండు రోజులు పడుకుంటే తీరేది మామూలు అలసట. సెలవు చివరి సాయంత్రమే గుండె బరువెక్కడం మొదలైతే అది వేరే సంగతి. అయితే అన్నిటినీ ఆఫీసు మీదికి నెట్టేయడం కూడా మంచిది కాదు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 తక్కువగా ఉండటం వల్ల కూడా ఇదే నీరసం రావచ్చు కాబట్టి ఒకసారి డాక్టరును కలిసి రక్త పరీక్షలు చేయించుకోండి. ఆఫీసుతో సంబంధం లేని విషయాల్లో కూడా ఆసక్తి చచ్చిపోయి, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసాన్ని పక్కన పెట్టి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు 14416కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

తరువాత, ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తున్నదో పట్టుకోవాలి. ఇందులో క్రిస్టినా మస్లాక్, మైకేల్ లైటర్ అనే పరిశోధకులు చెప్పిన ఆరు అంశాలు చాలా ఉపయోగపడతాయి: పనిభారం, పని మీద మనకున్న అదుపు, దక్కే ప్రతిఫలం, తోటివారితో సంబంధం, న్యాయం, విలువలు. ఒక రెండు వారాల పాటు, మనసు చివుక్కుమన్న ప్రతిసారీ అది ఈ ఆరింటిలో దేనికి చెందుతుందో ఒక్క మాటలో రాసిపెట్టుకోండి. చాలామంది ‘పని ఎక్కువైంది’ అని మొదలుపెడతారు గానీ, రాసుకున్నది చూస్తే అక్కడ పనికంటే అదుపు లేకపోవడమో, అన్యాయమో ఎక్కువగా కనిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ‘సోమవారం ఉదయానికి కావాలి’ అంటూ వచ్చే టికెట్ (సిస్టంలో మీ పేరిట నమోదయ్యే పని) అదుపుకు సంబంధించినది. మీరు రాత్రుళ్లు కూర్చుని నడిపిన రిలీజు గురించి మరొకరు ప్రెజెంటేషన్ ఇవ్వడం న్యాయానికి సంబంధించినది. పనిభారానికి మనుషులో, గడువో కావాలి. అన్యాయానికి గోవా ప్రయాణం మందు కాదు. ఇక గంటల విషయంలో మాత్రం సందేహం పెట్టుకోకండి. వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. క్యాబ్‌లో కూర్చుని హాజరైన కాల్స్ కూడా పని గంటలే. వాటినీ లెక్కలో వేయండి.

అసలు చిక్కు రేటింగు దగ్గర ఉంది. అది ఎలా తయారవుతుందో తెలిస్తే దాని కాటు కొంత తగ్గుతుంది. చాలా కంపెనీల్లో మేనేజరు ఇచ్చిన అంకె నేరుగా మీకు చేరదు. పై స్థాయి సమావేశంలో టీములన్నిటినీ పక్కపక్కన పెట్టి, అత్యుత్తమ శ్రేణిలో ఇంతమందే ఉండాలని, హైకులకు ఇంత సొమ్మే ఉందని చూసి సర్దుతారు. పదిమంది బాగా పనిచేసిన టీములో కూడా ఎవరో ఒకరు కిందికి దిగవలసి వస్తుంది. మైక్రోసాఫ్ట్ వంటి పెద్ద సంస్థ ఉద్యోగులను ఇలా వరుసలో నిలబెట్టే పద్ధతిని 2013లో వదిలేసింది. ఎన్నో చోట్ల అది వేరే పేర్లతో నడుస్తూనే ఉంది. కాబట్టి లేఖ వచ్చిన రోజున ఒక కాగితం మీద మూడు విషయాలు విడివిడిగా రాయండి. ఈ ఏడాది మీరు నిజంగా చేసిన పని ఒకటి, దాని గురించి కంపెనీ అన్న మాట రెండు, ఆ మాట నుంచి మీ గురించి మీరు లాగిన తీర్పు మూడు. మొదటిది వాస్తవం, రెండవది ఒక సంస్థ తన అవసరాల మేరకు తీసుకున్న నిర్ణయం, మూడవది మాత్రం మీ చేతిరాత. రెండవదానిలో నేర్చుకోదగిన విమర్శ ఉంటే తీసుకోవలసిందే, దాన్ని కొట్టిపారేయమని నేననను. మూడవదాన్ని మాత్రం మర్నాడు ఉదయం మళ్లీ చదివి, అదే రేటింగు మీ స్నేహితుడికి వస్తే అతని గురించి అలా రాసేవారా అని చూసుకోండి.

మొదటి విషయం రాయడానికి చాలామందికి ఏమీ గుర్తుకు రాదు, ఎందుకంటే ఏడాది పని టికెట్లలో కలిసిపోయి ఉంటుంది. అందుకే వారానికొకసారి, మీ సొంత నోటుబుక్కులో, కంపెనీ రహస్యాలేవీ లేకుండా, చేసినవీ నేర్చుకున్నవీ నాలుగు పంక్తులు రాసుకోవడం అలవాటు చేసుకోండి.

మన గురించి మనకున్న అభిప్రాయంలో ఇంటికి, బంధువులకు కూడా పెద్ద వాటా ఉంది. మన ఇళ్లలో ఎంసెట్ ర్యాంకుతో మొదలైన అంకె పెళ్లిచూపుల నాటికి ప్యాకేజీగా మారుతుంది. ‘మా వాడికి అమెరికాలో ఇంత’ అన్న మాట ప్రతి శుభకార్యంలోనూ వినపడుతుంది. ఎవరి ఆత్మగౌరవం ఏ ఒక్క విషయం మీద నిలిచి ఉంటుందో వారి మనసు ఆ విషయంలోని గెలుపోటములతో పాటు ఊగుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త జెన్నిఫర్ క్రాకర్ పరిశోధనలు చెబుతున్నాయి. పీటను ఒకే కాలి మీద నిలబెట్టడం లాంటిదది. అంచేత ఈసారి పెళ్లిలో పెదనాన్నగారు ‘ఏరా, ఇప్పుడెంత వస్తోంది?’ అని అడిగితే, ‘ఇల్లు గడుస్తోంది పెదనాన్నా, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?’ అని మాట మళ్లించడంలో తప్పేమీ లేదు. ఆయనకు అది పలకరింపు మాత్రమే. దాన్ని పరీక్షగా మార్చేది మనమే.

ఇప్పుడు సాయంత్రాల సంగతి. తెలుగువారి ఐటీ జీవితాన్ని అమెరికా గడియారం నడిపిస్తుంది. న్యూయార్కులో ఉదయం పది గంటల సమావేశం వేసవిలో మనకు రాత్రి ఏడున్నరకు పడుతుంది. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అది ఎనిమిదిన్నరకు జరుగుతుంది, కాలిఫోర్నియా అయితే మరో మూడు గంటలు ఆలస్యం. ఈ మార్పు ప్రతి ఏడాదీ వచ్చేదే కాబట్టి, అక్టోబరులోనే మేనేజరుతో మాట్లాడండి. ‘కాల్స్ తగ్గించండి’ అని అడిగితే పని జరగదు. ‘మంగళ, గురువారాల్లో రాత్రి కాల్స్‌కు నేను తప్పకుండా ఉంటాను, మిగిలిన రోజుల్లో సాయంత్రం ఆరింటికల్లా రాతపూర్వకంగా అప్‌డేట్ పంపుతాను, సర్వర్ పడిపోతే మాత్రం ఫోన్ చేయండి’ అని అడిగితే, అవతలివారికి కాదనడానికి కారణం వెతుక్కోవలసి వస్తుంది. ఒప్పుకున్న రోజుల్లో ఆఫీసు చాట్, మెయిల్ యాప్‌లను ఫోన్‌లో మూసేయండి. పని తరువాత మనసు తేరుకోవడానికి నాలుగు కావాలని జబీనే జొన్నెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ 2007లో ప్రతిపాదించారు: పని గురించి ఆలోచించకపోవడం, విశ్రాంతి, కొత్తది ఏదైనా నేర్చుకోవడం, ఆ సమయం మన చేతిలో ఉండటం. సోఫాలో రీల్స్ చూస్తూ గడిపిన రెండు గంటల్లో మహా అయితే విశ్రాంతి ఒక్కటే దొరుకుతుంది.

సంతోషానికి చోటు చేయవలసింది ఇక్కడే. ఎవరూ మార్కులు వేయని పనిని ఒకదాన్ని ఎంచుకోండి. చిన్నప్పుడు ఆపేసిన మృదంగమో, పరిషత్తు నాటకంలో చిన్న వేషమో, హైదరాబాదు కేబీఆర్ పార్కులో నడకో, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయడమో, ఏదైనా సరే. నియమం ఒక్కటే: దాన్ని బాగా చేయాలన్న పట్టుదల పెట్టుకోకండి. రేటింగులకు అలవాటుపడిన మనసు నడకను కూడా అడుగుల లెక్కగా, పాటను వ్యూస్‌గా, మొక్కల పెంపకాన్ని ఇన్‌స్టాగ్రామ్ పేజీగా మార్చేస్తుంది; నెల తిరిగేసరికి అదీ ఒక ఉద్యోగమై కూర్చుంటుంది. అందుకే మొదటి కొన్ని నెలలు ఫోటో తీయకండి, లెక్క పెట్టకండి. ‘ఇష్టమైన పనినే వృత్తిగా చేసుకో’ అన్న సలహా నాకు అంతగా నచ్చదు. ఇష్టానికి నెలవారీ టార్గెట్ తగిలించాక అది ఇష్టంగా మిగలడం అరుదు.

ఇంత చేశాక కూడా ఊపిరాడకపోతే, అప్పుడు ఉద్యోగం మారడం గురించి ఆలోచించండి. రేటింగు వచ్చిన వారంలో మాత్రం రాజీనామా రాయకండి. ఈఎంఐతో సహా నెల ఖర్చు ఎంతో లెక్క వేసి, కనీసం ఆరు నెలలకు సరిపడే సొమ్ము పక్కన ఉంచుకోండి. కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీని ముందే తీసుకోవడం మేలు. అప్పటికే ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి ఆగవలసిన నిరీక్షణ కాలం మూడేళ్ల వరకూ ఉండవచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శరీర జబ్బులతో సమానంగా మానసిక చికిత్సకూ బీమా వర్తించాలి. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉన్నవారికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులే గడువు కనుక, వారు కొత్త ఆఫరు చేతికి రాకముందు పాతదాన్ని వదలకూడదు.

తక్కువ జీతానికి మారాలనుకుంటే ఇంట్లో చెప్పేటప్పుడు మనోవేదనతో మొదలుపెట్టకండి. నెల బడ్జెట్ కాగితం ముందు పెట్టి, ఏది తగ్గుతుందో, ఏది తగ్గదో చూపించండి. కొత్త కంపెనీ ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగినంత వివరంగా రాత్రి కాల్స్ వారానికెన్ని, ఆన్‌కాల్ వంతు (పని వేళలు దాటాక కూడా అందుబాటులో ఉండవలసిన వంతు) ఎన్నాళ్లకొకసారి వస్తుంది, మీకు ముందు ఆ సీటులో ఉన్నవారు ఎందుకు వెళ్లారు అని అడగండి. హెచ్‌ఆర్ చెప్పిన జవాబుతో ఆగకుండా, అదే టీములో ఇప్పుడు పనిచేస్తున్న ఒకరితోనైనా మాట్లాడాకే ఆఫరు లేఖపై సంతకం చేయండి.