ఇంట్లో మిరప – 5వ పాఠం: వాలిన ఆకు, ముడుచుకున్న ఆకు

నాలుగో పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం ఈ పదిహేను రోజుల్లో చాలా కుండీలను ముంచింది. ‘ఆకులు వాలగానే నీళ్ళు పోయండి’ అని రాశాను. రాసేటప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది గుంటూరులోని మా డాబా మీద మే నెల ఎండకు బీటలు వారిన మట్టికుండీ. చదివినవారిలో ఎక్కువమంది పెంచుతున్నది విజయవాడ అపార్టుమెంటు గదిలో, ఎల్‌ఈడీ దీపం కింద, ప్లాస్టిక్ కుండీలో. పటమట నుంచి ఒకావిడ పంపిన ఫొటోలో మొక్క వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతొక్క ఊడి లోపలి నార మాత్రమే మిగిలేలా ఉన్నాయి. ఆకు వాలిందని పోశారు, ఇంకా వాలిందని మళ్ళీ పోశారు, చివరికి పూటకొకసారి పోశారు. తప్పు నాది. అందుచేత ఈసారి చెప్పాలనుకున్న పూత, పరాగ సంపర్కం సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఆకు చెప్పే మాటను తప్పుగా వినకుండా ఉండటం ఎలాగో చెబుతాను.

మనం ఏది జరిగినా ‘మొక్క ముడుచుకుపోయింది’ అనేస్తాము. వాలడం వేరు, ముడుచుకోవడం వేరు. వాలిన ఆకు కాడ దగ్గర వంగి కిందికి వేలాడుతుంది కాని, ఆకు ఆకారం చెడదు. దీనికి కారణం చాలావరకు వేరు దగ్గరే దొరుకుతుంది. ముడుచుకున్న ఆకులో అంచులు, ఈనెలు మెలి తిరిగి ఆకారమే మారిపోతుంది. దీనికి కారణాన్ని ముందుగా ఆకు మీద, చిగురులో, పైనున్న దీపంలో వెతకాలి. ఈ విభజనకు మినహాయింపులు లేకపోలేదు. అయినా పది కుండీల్లో ఎనిమిదింటికి వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో ఇది చెబుతుంది.

ముందుగా వాలడం. నీళ్ళు చాలక వాలిన మొక్క ఎలా ఉంటుందో అందరికీ తెలిసినదే కనుక దాన్ని వదిలేస్తున్నాను. నన్ను విసిగించేది నీళ్ళు ఎక్కువై వాలిన మొక్క. వేరుకు నీరు ఎంత అవసరమో గాలి అంత అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేరుకు ప్రాణవాయువు అందదు. ప్రాణవాయువు అందని వేరు చుట్టూ చెరువున్నా నీటిని పైకి పంపలేదు. అంటే ఆ మొక్క నీళ్ళలో నిలబడి దాహంతో వాలుతుంది, మనం దాహమనుకొని ఇంకో చెంబు పోస్తాము. పట్టి చూస్తే తేడా తెలుస్తుంది: ఎండిపోయి వాలిన ఆకు పలచబడి, తడిగుడ్డలాగా మెత్తగా చేతికి తగులుతుంది, నీరు ఎక్కువై వాలిన ఆకు, కనీసం మొదటి రోజుల్లో, దళసరిగా, నిండుగా ఉండి కాడతో సహా కిందికి వంగుతుంది. తరువాత అడుగు ఆకులు పసుపుబారి రాలుతాయి.

ఇక్కడ ఇంకో మోసం ఉంది. కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమం పైన అంగుళం మేర ఒక్క రోజులోనే ఆరి తెల్లబడుతుంది, ఏసీ గదిలో ఇంకా త్వరగా ఆరుతుంది. అడుగున మాత్రం నాలుగు రోజులైనా పిండితే నీరు కారుతుంది. వేలు ఒక కణుపు దాకా గుచ్చి ‘ఎండిపోయింది’ అని తీర్పు చెప్పినవారందరూ ఈ పొరను మాత్రమే చూశారు. నేను కొబ్బరి చీపురుపుల్లను మొదలుకు దూరంగా, కుండీ అంచున, అడుగు తగిలేదాకా దించి పది నిమిషాలు ఉంచుతాను. తీసినప్పుడు ఎంత పొడవున తడిసి ముదురు రంగులో ఉన్నదో చూస్తే కుండీ లోపలి సంగతి తెలిసిపోతుంది. తేమ కొలిచే మీటర్లు అమ్ముతున్నారు, ఒకటి నేనూ కొన్నాను, ఇప్పుడది అలమరలో ఉంది. పుల్ల సగం పైగా తడిగా ఉన్నంతవరకు, ఆకులు ఎంత వాలినా చుక్క నీరు పోయవద్దు. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. అందంగా ఉందని కుండీని అడుగున రంధ్రం లేని పింగాణీ తొట్టిలో దించినవారు ఆ తొట్టి అడుగున ఏముందో ఒకసారి చూడండి.

వాలడంలో గడియారం కూడా సాక్షే. బాల్కనీ మొక్క మధ్యాహ్నం రెండు గంటలకు వాలి సాయంత్రానికి తనంతట తాను లేచి నిలబడితే అది ఎండవేడి తప్ప మరేమీ కాదు. తెల్లవారుజామున కూడా వాలే ఉంటే నీళ్ళు తక్కువో, ఎక్కువో, లేదా జబ్బో ఉన్నట్లు. మట్టి సరైన తేమతోనే ఉండి, ఆకులు పచ్చగా ఉండగానే మొక్క ఒకటి రెండు రోజుల్లో మొత్తంగా వాలిపోయి తెల్లవారినా లేవకపోతే బాక్టీరియా ఎండు తెగులును అనుమానించాలి. కాండాన్ని మొదలు దగ్గర కోసి, ఆ ముక్క కొసను గాజుగ్లాసులోని నీటిలో కదలకుండా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి దారం కిందికి జారితే ఆ మొక్కతో పాటు కుండీలోని మట్టినీ పారవేయవలసిందే.

ఇక ముడత. మన గుంటూరు జిల్లాలో మిరప వేసిన ప్రతి రైతుకూ తెలిసిన ‘పై ముడత, కింది ముడత’ అనే మాటలు గదిలోని కుండీకి కూడా అక్షరాలా వర్తిస్తాయి. చిగురాకుల అంచులు పైకి లేచి పడవలా మారితే, ఆకు అడుగున గీరినట్టు గోధుమ, వెండి రంగు మచ్చలు ఉంటే, అది తామర పురుగు (త్రిప్స్) పని. తెల్లకాగితాన్ని చిగురు కింద పట్టి కొమ్మను రెండుసార్లు తట్టండి. సన్నని గీతల్లాంటివి రాలి నడుస్తాయి. 2021లో మన తోటలను పీకించిన నల్ల తామర పురుగు మాత్రం పువ్వులో ఎక్కువగా దాక్కుంటుంది కనుక పువ్వును కూడా తట్టాలి. ఆకు అంచులు కిందికి తిరిగి బోర్లించిన పడవలా మారి, కాడలు సాగి, రంగు ముదిరి, ఆకు పెళుసుగా విరుగుతుంటే అది నల్లి (మంచంలోది కాదు, ఇంగ్లీషులో మైట్ అనే మొక్కల నల్లి). అది కంటికి కనిపించదు, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చిగురాకు అడుగు భాగాన్ని చూడాలి.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, ‘ముడత మందు’ అని అడిగితే చేతికి వచ్చే సీసా తరచుగా తామర పురుగు కోసం చేసినది. నల్లి పురుగు జాతి కాదు, ఎనిమిది కాళ్ళతో సాలీడుకు చుట్టం. కొన్ని పురుగుమందులు దాన్ని తినే మేలుచేసే జీవులను చంపి నల్లిని ఇంకా పెంచుతాయి. నల్లికి లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చాలు. దీపం ఆర్పిన తరువాత, బాల్కనీలో, ముక్కుకు గుడ్డ కట్టుకొని పిచికారీ చేయాలి, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం జోలికి వెళ్ళకూడదు. తామర పురుగుకు వేపనూనె పనిచేస్తుందని చాలామంది అంటారు, నిజమే. గదిలో ఆ వాసన భరించలేక నేను మాత్రం కుండీని వంచి, ఆకుల అడుగు భాగాన్ని కుళాయి కింద మూడు రోజులకోసారి కడుగుతాను. ఆకులు చిన్నవై, పసుపుబారి, గుత్తిగా మెలిపడి, ఎదుగుదల ఆగితే అది తెల్లదోమ (ఆకు రసం పీల్చే చిన్న తెల్లటి పురుగు) తెచ్చిన వైరస్. దానికి మందు లేదు, పీకేయండి.

పురుగేదీ లేకుండా దీపానికి దగ్గరగా ఉన్న పై ఆకులు మాత్రమే ఈనె వెంబడి దోనెలా మడుచుకుంటే అది వేడి. ఆకు ఎత్తులో అరచేతి వెనుక భాగాన్ని అర నిమిషం ఉంచండి. మీకు చురుక్కుమంటే ఆకుకూ అంతే, దీపాన్ని పైకి జరపండి. ముదురాకులు నల్లటి ఆకుపచ్చకు తిరిగి కొనలు కొక్కెంలా కిందికి వంగితే నత్రజని ఎక్కువైనట్లు, నెల రోజులు ఎరువు ఆపండి.

అభ్యాసం కొంచెం కష్టమైనదే. మొక్క ఆరోగ్యంగా ఉన్న ఒక కుండీని ఎంచుకొని, నిండా నీళ్ళు పోసి, కారడం ఆగాక వంటింటి తూకంలో పెట్టి బరువు రాయండి. అక్కడి నుంచి ఉదయం ఆరు గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు తూచి రాస్తూ, ఆకు తెల్లవారుజామున కూడా వాలిన మొదటి రోజు వరకు నీళ్ళు పోయకుండా ఆగండి, ఆ రోజు వెంటనే పోయండి. నా ఎనిమిది అంగుళాల కుండీ నిండుగా 3 కిలోలు, వాలిన రోజున 1.7 కిలోలు తూగింది. రెండు కిలోలకు దిగగానే నేను నీళ్ళు పోస్తాను. మీ కుండీకి ఈ రెండు అంకెలు తెలిశాక, రోజూ ఉదయం కళ్ళు మూసుకొని కుండీని ఎత్తి, బరువు ఊహించి చెప్పి, తరువాత తూకం చూడండి. వరుసగా ఏడు రోజులు మీ ఊహ వంద గ్రాముల లోపు తేడాతో నిలిచేదాకా ఆరో పాఠం తెరవకండి.