బరువు తక్కువ బిడ్డను ఎదపై పెట్టుకోవడం – 3వ పాఠం: మెడ, కాళ్ళు, కట్టు

పోయిన పాఠంలో చేతి వెనక భాగంతో బిడ్డ పొట్టనూ పాదాలనూ తాకి చూడటం నేర్చుకున్నాం. పొట్ట, పాదం రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగుంది. పొట్ట వెచ్చగా ఉండి పాదం చల్లబడితే బిడ్డకు చలి పడుతున్నట్టు. రెండూ చల్లగా ఉంటే అది ప్రమాదం. ఇంకా చేసి చూడనివాళ్ళు ముందు అది చేసి, తర్వాత ఇక్కడికి రండి. ఇవాళ నేర్చుకునేదంతా ఆ వెచ్చదనాన్ని నిలబెట్టడానికే.

ఒక అపోహ చాలా ఇళ్ళలో వింటున్నాను కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. "పెద్దాసుపత్రిలో మెషీన్ ఖాళీ లేక ఇలా అమ్మకు కట్టి పంపించేశారు" అంటారు. ఈ పద్ధతి మొదలైంది ఇంక్యుబేటర్లు, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే ఆ మెషీన్లు, చాలకే, నిజమే. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టర్ తల్లుల ఎదపైనే పిల్లల్ని ఉంచడం ప్రారంభించారు. కానీ కథ అక్కడ ఆగలేదు. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లల్లో కొందరిని, కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన కాసేపటికే తల్లి ఎదపైకి చేర్చారు. మిగతావాళ్ళకు కుదుటపడ్డాకే మొదలుపెట్టారు. మొదటి 28 రోజుల్లో చనిపోయినవాళ్ళు మొదటి గుంపులో పాతిక శాతం తక్కువ. రెండు గుంపులకూ ఆసుపత్రి వైద్యం అందింది. కాబట్టి అమ్మ ఎద మెషీన్‌కు బదులు ఇచ్చేది కాదు, అదే వైద్యం. ఇంట్లో ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఈ ముక్క చెప్పండి.

ఇక పనిలోకి వద్దాం. మొదటిసారి నర్సు పక్కన ఉండగానే చెయ్యాలి. అయితే చేతులకు అలవాటు ముందే చేసుకోవచ్చు. ఒక మెత్తటి గుడ్డ సంచిలో కిలోన్నర బియ్యం పోసి, తల ఉండే వైపు చిన్న టవల్ ఉండ కట్టండి. ఆ బరువును ఒక చేత్తో మెడ కింద, ఇంకో చేత్తో పిరుదుల కింద పట్టుకుని పదిసార్లు ఎత్తి దించండి. తల వేలాడకుండా ఎత్తడం వచ్చేదాకా చెయ్యండి.

బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటా చాలు. ఛాతీ, పొట్ట మీద ఏ బట్టా వద్దు. చర్మానికి చర్మం తగిలితేనే వేడి అందుతుంది. అమ్మకు ముందు వైపు హుక్స్ ఉన్న జాకెట్టు గానీ, ముందు తెరుచుకునే నైటీ గానీ కావాలి. లోపల బ్రా ఉండకూడదు. మంగళసూత్రానికి పిన్నీసులు పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అవి తీసి పక్కన పెట్టి, సూత్రాన్ని వీపు మీదికి వేసుకోండి. ఎదకు పౌడర్, బామ్ లాంటివి రాయొద్దు. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి.

ఇప్పుడు బిడ్డను నిలువుగా మీ రెండు రొమ్ముల మధ్యకు తెచ్చి పెట్టండి. కప్ప కూర్చున్నట్టు తొడలు పక్కలకు విచ్చుకుని, మోకాళ్ళు మడిచి ఉండాలి. చేతులు కూడా మడిచి మీ ఎదపైనే. బిడ్డ పొట్ట మీ పొట్ట పైభాగానికి ఆనాలి. మీ ఊపిరి కదలిక బిడ్డకు తెలుస్తూ ఉంటుంది, దానికి ఊపిరి గుర్తుచేసేది కూడా అదే.

ఇక మెడ. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. తల ఒక పక్కకు తిరిగి, చెంప మీ ఎదకు ఆని, గడ్డం కొద్దిగా పైకి ఉండాలి. గడ్డానికీ బిడ్డ ఛాతీకీ మధ్య మీ వేలు పట్టాలి. తల ముందుకు వాలితే గాలి దారి మూసుకుపోతుంది. మరీ వెనక్కి వాల్చినా అంతే. నేను వార్డులో పనికి చేరిన కొత్తల్లో ఒక తల్లి బిడ్డను ఎంతో ముద్దుగా కట్టుకుని నిద్రపోయింది. దగ్గరికి వెళ్ళి చూస్తే గడ్డం ఛాతీకి అతుక్కుపోయి, పెదాలు నల్లబడుతున్నాయి. వెంటనే మెడ సరిచేసి వీపు రుద్దాను. కాసేపటికి రంగు తిరిగి వచ్చింది. ఆ తల్లి తప్పు ఏమీ లేదు, మెడ సంగతి ఆమెకు మేమెవరం నేర్పలేదు. అప్పటి నుంచి ఏ బిడ్డ దగ్గరికి వెళ్ళినా ముందు మెడే చూస్తాను. మీరూ అలాగే చూడండి.

కట్టడానికి బాగా ఉతికి మెత్తబడిన నూలు చీర చాలా మంచిది. వెడల్పుగా మడిచి, బిడ్డ వీపు మీదుగా తీసి, మీ వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తెచ్చి ముడి వెయ్యండి. పై అంచు బిడ్డ చెవి కిందికి వచ్చేలా ఉంటే తల జారదు. బిగింపు ఛాతీ దగ్గరే ఉండాలి, పొట్ట దగ్గర వదులుగా. పొట్ట నొక్కుకుంటే బిడ్డకు ఊపిరి ఆడదు. కట్టాక మెల్లగా లేచి నిలబడి చూడండి. ఒక చెయ్యి బిడ్డ కింద పెట్టుకునే లేవండి. జారకపోతే కట్టు సరిపోయినట్టు. పైన జాకెట్టో, పైటో, చలికాలమైతే శాలువానో వేసుకోండి. ముఖం మీద మాత్రం ఏమీ కప్పొద్దు.

పడుకునేటప్పుడు వెల్లకిలా చదునుగా వద్దు. మూడు దిండ్లు పెట్టుకుని వీపు ఎత్తుగా ఆనుకోండి. పడక కుర్చీ ఉంటే ఇంకా సుఖం. అలా ఆనుకుని నిద్రపోవచ్చు, కానీ ఇంట్లో ఒకరు మెలకువగా ఉండి బిడ్డ రంగు, ఊపిరి చూస్తూ ఉండాలి. నడవొచ్చు, కూర్చుని మాట్లాడొచ్చు. పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

ఒకసారి పెట్టుకుంటే కనీసం గంట తియ్యకండి. ఎత్తి దించిన ప్రతిసారీ బిడ్డ అలసిపోతుంది. చూడటానికి వచ్చినవాళ్ళకు చూపించడం కోసం కట్టు విప్పొద్దు. రోజుకు మొత్తం ఎనిమిది గంటలకు తగ్గకూడదు, ఎంత ఎక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఎనిమిది గంటలు బిడ్డతో ఉన్న బాలింతకు వంట, బట్టలు చూసుకోవడం కుదరదు. ఇది నాయనమ్మలకూ, అమ్మమ్మలకూ, బిడ్డ తండ్రికీ చెప్తున్నాను. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు, భోంచేసేటప్పుడు బిడ్డను ఎదపై పెట్టుకోవాల్సింది మీరే. మగవాళ్ళ ఒంటి వేడి కూడా బిడ్డకు అందుతుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బిడ్డ ఊపిరి ఇరవై సెకన్లు ఆగినా, పెదాలు నీలంగా మారినా, నిమిషానికి అరవైకి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు చప్పరించడం మానేసినా టెన్షన్ పడుతూ కూర్చోవద్దు. ఊపిరి ఆగితే వెంటనే మెడ సరిచేసి, వీపు, అరికాళ్ళు రుద్దండి. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా 108కి ఫోన్ చెయ్యండి. బిడ్డను ఎదపైనే ఉంచుకుని ఆసుపత్రికి వెళ్ళండి, దారిలో చల్లబడకుండా ఉంటుంది.

వచ్చే పాఠానికి ముందు రెండు పనులు. బియ్యం సంచితో కట్టు మూడు రోజులు, రోజుకు రెండుసార్లు వేసి విప్పండి. ఒకసారి మీ ఆయన చేత కూడా కట్టించండి. నాలుగో పాఠంలో, రొమ్ము పట్టలేని బిడ్డకు పాలు పిండి తాగించడం చూస్తాం. ఇంట్లో ఉగ్గుగిన్నె ఉంటే వెతికి తీసి, తోమి, నీళ్ళలో మరిగించి సిద్ధంగా పెట్టుకోండి.