పెద్దలకు చదువు, లెక్క ఎంత వచ్చో దేశం మొత్తం మీద కొలవాలంటే

"మీకు చదవడం, రాయడం వచ్చా?" అని అడిగి, అవునన్న వాళ్లను లెక్కేస్తే అక్షరాస్యత శాతం తేలిగ్గా వచ్చేస్తుంది, కాకపోతే దాన్ని నమ్మడమే కష్టం. రాదని చెప్పడానికి మొహమాటపడేవాళ్లు ఉంటారు, పైగా జనగణన లాంటి వాటిలో చాలాచోట్ల ఇంట్లో ఒక్కరే అందరి తరఫునా జవాబు చెప్పేస్తారు. అందుకని మొదటి పని, అడగడం మానేసి చేయించి చూడటం. అతి తక్కువ ఖర్చులో అయ్యేది, చాలా దేశాల్లో ఇంటింటికీ వెళ్లి ఆరోగ్యం, జనాభా వివరాలు సేకరించే డీహెచ్ఎస్ సర్వేల్లో లాగా ఒక చిన్న వాక్యం ఉన్న కార్డు చేతికిచ్చి చదవమనడం: మొత్తం చదివారా, కొంతే చదివారా, అసలు చదవలేకపోయారా అని రాసుకుంటారు, వాళ్ల భాషలో కార్డు లేకపోయినా, మనిషికి చూపు లేకపోయినా వాటికి విడిగా కోడ్ ఉంటుంది. అయితే ఒక్క వాక్యం చదివినంత మాత్రాన ఆ మనిషి ఒక దరఖాస్తు అర్థం చేసుకుని నింపగలరని అనుకోలేం. అది తెలియాలంటే, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ అనే కూటమి నడిపే పియాక్ (పెద్దల నైపుణ్యాల సర్వే) లాంటిది కావాలి, 16 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఇంట్లోనే కూర్చోబెట్టి పరీక్ష పెట్టేది.

అసలు కష్టమంతా ప్రశ్నలు తయారుచేయడంలోనే ఉంది. ఒక మందు లేబుల్ తీసుకోండి: "పెద్దలు రోజుకు 3 సార్లు, ఒక్కోసారి 2 మాత్రలు, 5 రోజులకు మించి వాడకూడదు. పిల్లలు రోజుకు 2 సార్లు, ఒక్కోసారి 1 మాత్ర, 3 రోజులకు మించి వాడకూడదు." పెద్దలు ఎన్ని రోజులకు మించి వాడకూడదని అడిగితే, ప్రశ్నలోని మాటలే లేబుల్‌లోనూ ఉన్నాయి కాబట్టి వెతికి పట్టుకుంటే చాలు, పక్కనున్న 3 చూసి తికమక పడకుండా ఉంటే సరి. "మా పాపకు నాలుగో రోజు కూడా వేయొచ్చా?" అని అడగండి, అదే లేబుల్ ఒక మెట్టు కష్టమవుతుంది, ఎందుకంటే పాప అన్నా నాలుగో రోజు అన్నా ఆ మాటలు అక్కడ లేవు. అనువాదంలో సర్వేలు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. మూలంలో ప్రశ్నకూ పాఠానికీ ఒకే మాట ఉంటే అనువాదంలోనూ ఒకే మాట ఉండాలి, భాష అందంగా ఉంటుందని అనువాదకుడు ఒకచోట "మించి", ఇంకోచోట "దాటి" అని రాశాడంటే ఆ భాష వాళ్లకు ప్రశ్న కష్టమైపోయినట్టే.

లెక్కల ప్రశ్నలకు ఈ లేబుల్ వాడకండి. పెద్దవాళ్లకు 5 రోజులకు 30 మాత్రలు కావాలి, 12 మాత్రల షీట్లయితే ఎన్ని కొనాలి అనేది మంచి ప్రశ్నే (జవాబు 3, రెండున్నర కాదు), కానీ లేబుల్ చదవలేనివాళ్లు లెక్క వచ్చి కూడా ఓడిపోతారు, మీరేమో వాళ్లకు లెక్క రాదని రాసేసుకుంటారు. షీట్ల బొమ్మ చూపించి నాలుగు మాటల్లో అడగండి.

శాంపిల్ విషయానికొస్తే, దేశానికి సుమారు 5,000 మంది సరిపోతారు, కాకపోతే ఇల్లు ఎంచడం దగ్గర ఆగిపోకూడదు, ఆ ఇంట్లో ఎవరిని కూర్చోబెట్టాలో కూడా చీటీ తీసినట్టే తేలాలి. తలుపు తీసిన మనిషితో పని కానిచ్చేద్దామని ఇంటర్వ్యూయర్‌కు ఎప్పుడూ అనిపిస్తుంది, అలా వదిలేస్తే పగలు ఇంట్లో ఉండేవాళ్ల సర్వే అవుతుంది. సాయంత్రం, సెలవురోజు మళ్లీ వెళ్లాల్సిందే. పరీక్షకు టైమ్ లిమిట్ పెట్టకండి, పక్కన కూర్చుని జవాబులందించే కొడుకునో కోడలినో మాత్రం మర్యాదగా అవతలికి పంపండి.

అందరికీ అన్ని ప్రశ్నలూ ఇవ్వనక్కర్లేదు. ఒక్కొక్కరికి కొన్నే ఇచ్చి, ప్రశ్న కష్టాన్నీ మనిషి సామర్థ్యాన్నీ ఒకే స్కేలు మీదికి తెచ్చే గణాంక మోడల్‌తో మిగతాది అంచనా కడతారు. అందుకే పియాక్ డేటాలో ఒక్కో మనిషికి ఒక్క స్కోరు ఉండదు, ఆ మనిషికి వచ్చే అవకాశమున్న పది అంచనా స్కోర్లు ఉంటాయి. వాటి సగటు తీసుకుని పని మొదలుపెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, అది తప్పు. పదింటితో విడివిడిగా పదిసార్లు లెక్క కట్టి, చివర్లో ఫలితాల సగటు తీయాలి, ఫలితం ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంచనాలో ఆ పదింటి మధ్య తేడాను కూడా కలపాలి. ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే వెయిట్లు వేయడం ఎలాగూ తప్పదు.

పియాక్ స్కేలు 0 నుంచి 500. చదువులో, లెక్కలో 226 నుంచి 275 వరకు రెండో లెవల్, 176 కంటే తక్కువైతే ఒకటో లెవల్ కంటే కింద. ఈ కింది లెవల్స్‌లో ఉన్నవాళ్లందరినీ నిరక్షరాస్యులని హెడ్డింగ్ పెట్టకండి, వాళ్లలో చాలామంది చిన్న చిన్న వాక్యాలు చదవగలరు.

పాత సర్వేతో పోల్చేముందు ఎవరెవరిని లెక్కలోకి తీసుకున్నారో చూసుకోండి. పియాక్ మొదటి విడతలో సర్వే భాష రానివాళ్లకు స్కోర్లే లేవు, 2022-23లో జరిగిన రెండో విడతలో వాళ్లను గుమ్మం దగ్గరే కొన్ని చిన్న ప్రశ్నలడిగి వాళ్లకూ అంచనా స్కోర్లు ఇచ్చారు. అలాంటివాళ్లు ఎక్కువగా ఉన్న దేశంలో సగటు తగ్గితే, జనానికి చదువు తగ్గిందని రాసేముందు వాళ్లను పక్కన పెట్టి ఇంకోసారి లెక్క కట్టి చూడండి.