ట్రాక్టరు తొట్టి హుక్కుకి గ్రీజు పెట్టాలా? ఎక్కడ, ఎంత, ఎలా?

పెట్టాలి. అయితే పాతది తుడవకుండా దాని మీదే కొత్త గ్రీజు పూయడం కంటే అసలు పెట్టకపోవడమే నయం. సంకిలి ఫ్యాక్టరీకి వెళ్లే చెరకైనా, నాగావళి ఇసుకైనా, కళ్లం నుంచి వచ్చే ధాన్యం బస్తాలైనా, ఆ బరువంతా ట్రాక్టరుకి అందేది తొట్టి ముందు కొసన ఉండే ఒక్క రింగు, దాన్ని ట్రాక్టరు హుక్కు దవడల మధ్య పట్టి ఉంచే ఒక్క పిన్ను ద్వారానే. గతుకు వచ్చినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా ఆ రెండూ ఒరుసుకుంటాయి. మధ్యలో గ్రీజు పొర ఉంటే అరుగుదల తగ్గుతుంది, తుప్పు ఆగుతుంది, మలుపుల్లో కీచుమనే చప్పుడూ ఉండదు.

"గ్రీజు పెడితే దుమ్ము అంటుకుంటుంది, వద్దు" అనేవాళ్ల మాటలో సగం నిజముంది. ఇసుక రేణువు మెత్తటి ఇనుము కంటే గట్టిది. గ్రీజులో ఇసుక కలిస్తే అది సానరాయిలా పిన్నునీ రింగునీ అరగదీస్తుంది. అలాగని మానేయకూడదు. పలుచగా పెట్టాలి, తరచుగా తుడవాలి.

ఏ గ్రీజు కొనాలి

స్పేర్ పార్ట్స్ షాపులో ఏపీ-3 అని అడిగితే లిథియం గ్రీజు ఇస్తారు. మామూలు తొట్టికి అది చాలు. నిండు బరువుతో రోజూ తిరిగే బండికైతే మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు మంచిది. బరువుకి పొర నలిగిపోయినా మాలిబ్డినం పొడి ఇనుము మీద అంటుకుని ఉంటుంది. ఇంజన్‌లోంచి తీసిన కాలిన ఆయిల్ పోయడం చాలా చోట్ల అలవాటు. అది పలుచన కాబట్టి పిన్ను మీద నిలవదు, కారిపోతుంది. పైగా అందులో ఇంజన్ అరిగిన లోహపు పొడి ఉంటుంది. దాన్ని వాడకండి.

మొదలుపెట్టే ముందు

తొట్టి ఖాళీగా ఉండాలి, నేల చదునుగా ఉండాలి. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తొట్టి చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. తర్వాత రింగు దగ్గర స్టాండు గానీ జాకీ గానీ వేశాకే పిన్ను తీయండి. రెండు చక్రాల తొట్టిలో సరుకు వెనక్కి ఉంటే, పిన్ను తీయగానే ముందు కొస ఎగిరి మనిషి గడ్డానికి తగులుతుంది. ముందుకి ఉంటే కాలి మీద పడుతుంది.

పని ఇలా చేయాలి

1. పిన్ను బయటకి తీసి, దాన్నీ, రింగు లోపలి వైపునీ, హుక్కు దవడల్నీ డీజిల్‌లో ముంచిన గుడ్డతో కడగండి. ఎండిన గ్రీజు పెచ్చుల్ని వైరు బ్రష్‌తో రాల్చండి. చివర పొడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. డీజిల్ తడి మిగిలితే కొత్త గ్రీజు పలుచబడి జారిపోతుంది.

2. ఇప్పుడు అరుగుదల చూడండి. పని మొత్తంలో ముఖ్యమైన అడుగు ఇదే. లాగేటప్పుడు పిన్ను ముందు వైపు, రింగు లోపల ట్రాక్టరు వైపు ఒత్తిడి పడుతుంది కాబట్టి గాడి అక్కడే పడుతుంది. వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) పిన్నుని అరగని చోట ఒకసారి, అరిగిన చోట ఒకసారి కొలవండి. పదో వంతు తగ్గితే, అంటే 30 మి.మీ. పిన్ను 27కి వస్తే, మార్చేయాలి. రింగు వెల్డింగు దగ్గర సన్నటి గీత కనిపిస్తే ఆ బండికి బరువు వేయొద్దు. గ్రీజు అరుగుదలని తగ్గిస్తుందే తప్ప, అరిగినదాన్ని పూడ్చదు.

3. పిన్ను ఒంటికి, రింగు లోపలికి, రింగు అడుగు ఆనే కింది దవడ మీదకి కలిపి ఒక టీ చెంచా గ్రీజు చాలు. వేలితో పలుచగా రాయండి. ఇసుక తోలే బండికైతే అందులో సగమే.

4. పిన్ను తిరగకుండా ఆపే అడ్డు ఏదీ లేకపోతే ఈసారి దాన్ని అర చుట్టు తిప్పి దించండి. అరుగుదల ఒకే వైపు పడదు.

5. పెద్ద పిన్ను పైకి లేవకుండా దాని కొసన దూర్చే చిన్న లాక్ పిన్ను వేయండి. దానికి గ్రీజు అక్కర్లేదు, పొడిగా శుభ్రంగా ఉంటే చాలు. లాక్ పిన్ను లేకపోతే స్పీడ్ బ్రేకర్ దగ్గర పెద్ద పిన్ను ఎగిరి బయటపడుతుంది. సేఫ్టీ గొలుసు కూడా తగిలించండి.

పిన్ను పోయిందని బోల్టో, కోసిన ఇనుప చువ్వో దూర్చేయడం ప్రమాదం. బోల్టు మర మొదలయ్యే చోటే విరుగుతుంది, మర అంచులు రింగుని కోస్తాయి. చువ్వ వంగుతుంది, ఆ తర్వాత ఎంత గ్రీజు పూసినా బయటకి రాదు.

నాలుగు చక్రాల తొట్టి అయితే ముందు చక్రాలు మలుపు తిరగడానికి వాటి మీద టర్న్ టేబుల్ అనే గుండ్రటి పళ్లెం ఉంటుంది. దాని చుట్టూ ఉన్న నిప్పిళ్లన్నీ (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) తుడిచి, గ్రీజు గన్నుతో పాత గ్రీజు బయటకి వచ్చేదాకా కొట్టండి. మధ్యలో లాగే బారుని కుడికీ ఎడమకీ తిప్పితే గ్రీజు అంతటా పాకుతుంది. నిప్పిల్‌లోకి గ్రీజు ఎక్కకపోతే బలంగా కొట్టకుండా విప్పి కడగండి, లేదా కొత్తది వేయండి. టిప్పర్ తొట్టి కింది పిన్నులకీ ఇదే పద్ధతి. బ్రేకు డ్రమ్ముల దగ్గరకి మాత్రం గ్రీజు చేరనివ్వొద్దు.

ఎన్నాళ్లకొకసారి

చెరకు, ధాన్యం తోలకాల్లో వారానికొకసారి. ఇసుకకి ఏ రోజుకారోజు సాయంత్రం తుడిచి మళ్లీ రాయాలి. బురదలోనో వరద నీళ్లలోనో దిగితే ఆ రోజే. దమ్ముల నుంచి కోతల దాకా తొట్టి ఖాళీగా పడి ఉంటుంది. అప్పుడు రింగుకి కాస్త మందంగా పూసి గోనెపట్టా చుట్టండి. నౌపడ, భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఇది తప్పనిసరి. కోతలకి తీసేటప్పుడు ఆ పాత పూతంతా కడిగి మళ్లీ మొదటి నుంచి చేయాలి.

కారు వెనక బంతి హుక్కు ఉంటే

కారుకి చిన్న ట్రైలర్ తగిలించే ఇనుప బంతికి కూడా పలుచటి గ్రీజు పొర మేలు చేస్తుంది. 50 మి.మీ. బంతి 49కి అరిగితే మార్చాలి. ఒక్క చోట మాత్రం గ్రీజు పూర్తిగా నిషిద్ధం. ట్రైలర్ ఊగకుండా బంతిని రాపిడి ప్యాడ్లతో బిగించి పట్టుకునే స్టెబిలైజర్ రకం కప్లర్ ఉంటే, బంతి పొడిగా ఉండాలి. గ్రీజు తగిలితే ప్యాడ్లు జారిపోతాయి, మార్చాల్సి వస్తుంది. అలాంటి బంతిని బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వదిలేయండి.

పని అయ్యాక ఒకటి రెండు కిలోమీటర్లు నడిపి ఆపండి. లాక్ పిన్ను కదిలిందేమో, రింగు చుట్టూ గ్రీజు బయటకి పిండుకుని వచ్చిందేమో చూడండి. వచ్చిన గ్రీజుని తుడిచేస్తే దుమ్ము పట్టదు.