పై అంతస్తుకి వైఫై రావాలంటే పాత రౌటర్ చాలు

కూకట్‌పల్లిలో మాది జీ ప్లస్ టూ ఇల్లు, రౌటరేమో కింద హాల్లో టీవీ వెనకాల. మేడ మీది గదికి వెళ్తే ఒక్క గీత కూడా రాదు, మధ్యలో ఉన్నవి ఇనుప చువ్వల స్లాబులు మరి. సిగ్నల్‌ని అందుకుని మళ్ళీ పంపే రిపీటర్ కొని డబ్బు పారేసుకున్నాను, మీరు కొనకండి. మూలన పడున్న పాత రౌటర్ తీయండి. దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపి, సెట్టింగుల్లో మెయిన్ రౌటర్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇచ్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ అడ్రస్‌లు పంచే పని) ఆపేయండి. ఇది మర్చిపోతే రెండూ అడ్రస్‌లు పంచడం మొదలుపెడతాయి, ఫోన్లో వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది కానీ నెట్ రాదు, అదో టెన్షన్. తర్వాత కింది రౌటర్ నుంచి పై రౌటర్‌కి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగండి, ల్యాన్ (LAN) పోర్టు నుంచి ల్యాన్ పోర్టుకే, బయటి నెట్ లైను పెట్టే వ్యాన్ (WAN) పోర్టుకి కాదు. వైఫై పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఛానల్ మాత్రం, ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అడ్డు రాకుండా, వేరు: కింద 1 ఉంటే పైన 6 లేదా 11.