రోజ్‌బ్యాంక్‌లో లీత్ సైనికుల స్మారకం చూడబోయేవారికి

ఎడింబరాలో పిల్లల దగ్గరికి వచ్చే మన పెద్దవాళ్లు కోట చూసుకుని వెళ్లిపోతుంటారు. ఒక పూట రోజ్‌బ్యాంక్ శ్మశానానికి కూడా ఉంచుకోండి. 1915 మే 22న గ్రెట్నా దగ్గర క్వింటిన్స్‌హిల్‌లో జరిగిన రైలు ప్రమాదంలో పోయిన, లీత్‌కి చెందిన రాయల్ స్కాట్స్ రెజిమెంటు ఏడో బెటాలియన్ కుర్రాళ్ల స్మారకం అక్కడుంది. స్టేషన్ మాస్టరుగా బతుకంతా లీవర్ల మధ్య గడిపినవాణ్ణి, నాకది చూడకుండా ఉండరానిది.

నేరుగా శ్మశానానికి పోకండి. ట్రామ్‌లో మెక్‌డొనాల్డ్ రోడ్ దగ్గర దిగి ముందు డాల్మెనీ వీధికి నడవండి. ఇప్పుడు కళాకేంద్రంగా ఉన్న అక్కడి డ్రిల్ హాలుకే, అంటే సైనికులు కవాతు చేసే హాలుకే, శవపేటికలు చేరాయి. మే 24న అక్కడి నుంచి ఊరేగింపుగా శ్మశానానికి తీసుకెళ్లారు. మీరూ లీత్ వాక్ దాటి, పిల్రిగ్ వీధి చివరిదాకా నడిచే వెళ్లండి. లీత్ అప్పట్లో వేరే పట్టణం, 1920లో గాని ఎడింబరాలో కలవలేదు. అంత చిన్న ఊరికి ఒక్కరోజే అన్ని చావులు.

లోపల పెద్ద సెల్టిక్ శిలువ కనిపిస్తుంది. 1916 మేలో ఆవిష్కరించారు. దానికన్నా వెనక గోడకున్న కంచు పలకల దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఒక్కో పేరూ పైకి చదవండి. అక్షరం కనపడలేదని సుద్దతో రుద్దడం, నీళ్లు చల్లడం వద్దు, పక్కకు జరిగి చూస్తే చాలు. 50 మంది ఆనవాలే దొరకలేదు. వారికి ఈ పలకలే సమాధి. బెటాలియన్ హాజరు పట్టీ కూడా కాలిపోవడంతో మృతుల లెక్క నేటికీ సుమారే: 226 దాకా, అందులో 215 మంది వరకు సైనికులు.

మనవలు ఎలా జరిగిందని అడిగితే ఇలా చెప్పండి. రెండు లూపుల్లోనూ, అంటే బళ్లను పక్కకు నిలిపే లైన్లలో, గూడ్సు బళ్లున్నాయి. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి లోకల్ ప్యాసింజర్‌ను ఎదుటి మెయిన్ లైన్‌కి మార్చారు. అది తప్పు కాదు. తప్పు ఆ తర్వాతిది. లైన్ మీద బండి ఉందని గుర్తుకు సిగ్నల్ లీవర్‌కి దాన్ని లాగనివ్వని కాలర్ అనే కడియం తొడగాలి, పక్క సిగ్నల్ కేబిన్‌కి కబురివ్వాలి. రెండూ చేయలేదు. లోకల్ ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ తమ బండి అక్కడుందని గుర్తుచేయడానికి కేబిన్‌కి వచ్చి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, కాలర్ ఉందో లేదో చూడకుండానే వెళ్లిపోయాడు. అప్పుడే డ్యూటీకి ఎక్కిన సిగ్నల్‌మన్ ఆలస్యంగా వచ్చి, అది కప్పిపుచ్చడానికి పాత ఎంట్రీలు తన చేతిరాతతో ఎక్కించుకుంటున్నాడు. కాసేపటి క్రితం తనను దింపిన ఆ లోకల్ బండినే మరచి, అదే లైన్‌లో ఎదురుగా వచ్చే సైనికుల బండికి లైన్ క్లియర్, అంటే రావచ్చన్న అనుమతి, ఇచ్చాడు. ఢీకొన్న నిమిషానికే గ్లాస్గో ఎక్స్‌ప్రెస్ ఆ శిథిలాల మీదికి దూసుకొచ్చింది. చెక్క పెట్టెలు, దీపాలకు గ్యాసు. ఆ మంటలోనే ఎక్కువమంది పోయారు. సిగ్నల్‌మన్లిద్దరికీ జైలు పడింది. శిక్ష సంగతి కన్నా కాలర్ సంగతి పిల్లలకు బాగా చెప్పండి. చేతికందే దూరంలో ఉన్న వస్తువది.

ఒక పేరు మనసులో నిలిస్తే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఇంటిపేరు, రెజిమెంటు, తేదీ ఇచ్చి వెతకండి. కొందరికి వయసు, తల్లిదండ్రుల పేర్లు కూడా ఉంటాయి.

ప్రమాదస్థలం కూడా చూడాలనుకుంటే పట్టాల దగ్గరికి మాత్రం పోకండి, అది రద్దీ లైను. లాకర్బీ నుంచి కార్లైల్ వెళ్లే రైలెక్కితే గ్రెట్నాకు కాస్త ముందు ఆ చోటు మీదుగానే వెళ్తారు.